కొత్తవాడి చేతికి కొయ్యకత్తి



జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో మియాజాకి అనే రాష్ట్రం ఉంది. అందులో కొండల నడుమ మియకొనోజో అనే ఊరు. జపాన్‌లో తయారయ్యే కొయ్యకత్తుల్లో దాదాపు 90 శాతం ఈ ఒక్క ఊరివే. ప్రపంచంలో ఏ మూల ఎవరు కెండో, అయికిడో అనే జపాన్ యుద్ధవిద్యలు నేర్చుకుంటున్నా, వాళ్ల చేతిలో ఉన్నది జపాన్‌లో చేసిన కొయ్యకత్తి అయితే దాని పుట్టిల్లు చాలావరకు ఇదే.

ఈ పని ఇక్కడే ఎందుకు కుదురుకుందో ఊహించడం కష్టం కాదు. క్యూషూ దక్షిణ భాగంలో ఏడాది పొడుగునా ఆకు రాలని ఓక్ చెట్లు పెరుగుతాయి. కొయ్యకత్తికి కావలసిన కలప అదే. రెండో సంగతి, ఇది పూర్వం సత్సుమ సంస్థానం కిందికి వచ్చిన నేల. ఆ సంస్థానాన్ని ఏలిన షిమజు వంశం తన పేరు తెచ్చుకున్నది కూడా ఈ ప్రాంతంలోని ఒక జాగీరు నుంచే. సత్సుమ సమురాయ్‌లు కత్తివిద్యలో మొండివాళ్లని పేరు. వాళ్ల జిగెన్ ర్యూ అనే సంప్రదాయంలో శిక్షణ అంటే నేలలో పాతిన గుంజను, చెట్టు నుంచి నరికి పైపైన చెక్కిన కర్రతో, గట్టిగా కేక వేస్తూ కుడిపక్కా ఎడమపక్కా కొట్టడం. పొద్దున 3,000 దెబ్బలు, సాయంత్రం 8,000 దెబ్బలు అని ఆ సంప్రదాయంలో చెప్పుకునే లెక్క. ఇప్పటికీ పొరుగు రాష్ట్రమైన కగోషిమలో ఈ సాధన సాగుతోంది. అడవీ విద్యా పక్కపక్కనే ఉన్న చోట కొయ్యకత్తి పని నిలదొక్కుకుంది. ఇదే మియకొనోజోలో మనిషిని మించిన పొడవుండే వెదురు విల్లులు కూడా చేస్తారు.

కలప విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొయ్యకత్తి మంచిచెడ్డలు సగం అక్కడే తేలిపోతాయి. ఎక్కువగా వాడేవి రెండు రకాల జపాన్ ఓక్. ఒకటి ఎర్ర ఓక్, అకగషి. రెండోది తెల్ల ఓక్, షిరొగషి. అమెరికాలో బల్లలకూ కుర్చీలకూ వాడే ఓక్ వేరు, ఇది వేరు. ఇది బరువైనది, పోగు దగ్గరగా ఉండి దెబ్బకు ఓర్చుకునేది. జతగా నిలబడి కత్తికి కత్తి తాకించే సాధనకు చాలామంది గురువులు తెల్ల ఓక్ తీసుకోమంటారు. ఒంటరిగా గాలిలో ఊపే సాధనకు ఎర్ర ఓక్ బాగుంటుంది, చూపుకూ అందంగా ఉంటుంది. అసలైన ఎర్ర ఓక్ మాత్రం ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది. ఇవిగాక ఇసు అనే చెట్టు చేవతో చేసిన ముదురు రంగు కత్తులు, లోక్వాట్ కొయ్యతో చేసినవి, నల్లచేవవి కూడా ఉన్నాయి. అవి ఖరీదైనవి. నేర్చుకోవడం మొదలుపెట్టినవాడికి వాటితో పనిలేదు.

చెట్టు కొట్టగానే కత్తి చెక్కేస్తే అది నెలలు తిరక్కుండా మెలితిరుగుతుంది, లేదా బీటలు వారుతుంది. అందుకని కలపను తొందరపడకుండా ఆరనిస్తారు. ఆ తర్వాత పలకలుగా కోసి, వంపు వచ్చేలా ముక్క తీసి, చిత్రిక పడతారు. మన వడ్రంగి చిత్రికను ముందుకు తోస్తాడు, జపాన్ వడ్రంగి తనవైపుకు లాగుతాడు. వెన్నుగీత మొన దాకా తిన్నగా రావాలి, మొన దగ్గర కోణం తేలాలి, పిడి గుడ్డు ఆకారంలో కుదరాలి. యంత్రం చాలా పని చేసిపెడుతుంది కానీ ఈ చివరి రూపం ఇప్పటికీ చేతి మీదే ఆధారపడుతుంది. ఈ పని తెలిసిన కార్ఖానాలు మియకొనోజోలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి.

ఇంత శ్రద్ధ ఒక కర్ర మీద ఎందుకని అడగవచ్చు. కొయ్యకత్తి చరిత్రలో ఎప్పుడూ ఆటవస్తువు కాలేదు, అదీ కారణం. 1612లో మియమొతో ముసాషి, ససకి కొజిరో అనే ఇద్దరు యోధులు ఒక చిన్న దీవి మీద తలపడ్డారు. జపాన్ ప్రధాన దీవి హొన్షూకూ క్యూషూకూ మధ్య జలసంధిలో ఉన్న ఆ దీవిని ఇప్పుడు గన్ర్యూ దీవి అంటారు. కొజిరో చేతిలో 90 సెంటీమీటర్లకు పైగా పొడవున్న ఉక్కు కత్తి. ముసాషి చేతిలో కొయ్యకత్తి. గెలిచింది ముసాషి, ప్రాణం పోయింది కొజిరోది. ముసాషి దత్తపుత్రుడు ఇయోరి 1654లో క్యూషూలోని కొకుర దగ్గర నిలబెట్టిన శిలాశాసనంలోనే ఈ కొయ్యకత్తి ప్రస్తావన ఉంది. పడవ తెడ్డును చెక్కి ఆ కత్తి చేసుకున్నాడన్నది తర్వాతి కథల్లో చేరిన ముచ్చట. సినిమాలూ నవలలూ ఆ తెడ్డునే పట్టుకున్నాయి. తెడ్డు మాట ఎలా ఉన్నా, సరిగ్గా తగిలితే ఓక్ కొయ్య ఎముక విరగ్గొడుతుంది, తల పగలగొడుతుంది. దీనికి చరిత్ర సాక్ష్యం అక్కర్లేదు, ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే చాలు.

ఈ ప్రమాదమే జపాన్ కత్తివిద్యను రెండు దారుల్లో నడిపించింది. కొయ్యకత్తితో పూర్తి బలంతో కొట్టుకుంటే శిష్యులు మిగలరు. అందుకని ముందే నిర్ణయించుకున్న కదలికలను ఇద్దరు కలిసి చేసే పద్ధతి బలపడింది. వాటిని కత అంటారు. 16వ శతాబ్దంలో కమిఇజుమి నొబుత్సున అనే గురువు చీల్చిన వెదురును తోలు సంచిలో తొడిగి, తగిలినా గాయం కాని సాధన కత్తిని వాడుకలోకి తెచ్చాడు. 18వ శతాబ్దంలో నగనుమ కునిసతో, నకనిషి త్సుగుతకె లాంటివాళ్లు ముఖానికీ చేతులకూ ఛాతీకీ కవచాలను మెరుగుపరిచారు. కవచం వేసుకుని వెదురుకత్తితో నిజంగా కొట్టుకునే ఈ పద్ధతే కాలక్రమంలో నేటి కెండో అయింది. నాలుగు వెదురు బద్దలు కలిపి కట్టిన ఆ కత్తిని షినాయ్ అంటారు.

షినాయ్ వచ్చాక కొయ్యకత్తి మూలపడాలి కదా. పడలేదు. షినాయ్ గుండ్రంగా ఉంటుంది. దానికి ఒక పక్క కట్టిన తాడును బట్టే ఏది వెన్ను, ఏది పదును అని గుర్తుపట్టాలి. పిల్లలు పోటీల్లో దూకుడు మీద దూకుడు చూపిస్తుంటే, చేతిలో ఉన్నది కత్తి అన్న సంగతి జారిపోతుంది. పక్కవాటంగా తగిలినా పాయింటు వస్తే చాలనిపిస్తుంది. కొయ్యకత్తి అలా మరచిపోనివ్వదు. దానికి వంపు ఉంది, వెన్ను ఉంది, పదును వైపు ఉంది, మొన ఉంది. పిడి గుడ్డు ఆకారంలో ఉండడం వల్ల కళ్లు మూసుకున్నా పదును ఎటు తిరిగిందో అరచేతికి తెలుస్తుంది.

కెండోలో కొయ్యకత్తికి స్థిరమైన చోటు బడుల ద్వారా దొరికింది. 1911లో జపాన్ ప్రభుత్వం మాధ్యమిక పాఠశాలల్లో కెండోను అనుమతించింది. ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంప్రదాయం ఉండగా దేశమంతటికీ ఏది నేర్పాలన్న ప్రశ్న వచ్చింది. వేర్వేరు సంప్రదాయాల గురువులు 25 మంది సంఘంగా కూర్చున్నారు. తకనో ససబురో, నైతో తకహరు వంటి ఐదుగురు ముఖ్యులు. 1912లో పది కతలు తయారయ్యాయి. ఏడింటిలో ఇద్దరి చేతుల్లోనూ పొడవు కత్తులు. చివరి మూడింటిలో ఒకరిది పొడవు కత్తి, రెండోవారిది పొట్టి కత్తి. సాధారణంగా అన్నీ కొయ్యకత్తులతో, తలకు కవచం లేకుండానే చేస్తారు. వందేళ్లు దాటినా కెండోలో పెద్ద పరీక్షలకు ఇవి తప్పనిసరి.

మొదటి కత చూద్దాం. ఇద్దరూ కత్తులు తలపైకి ఎత్తి నిలబడతారు. మూడడుగులు దగ్గరికి వస్తారు. ఒకరు పైనుంచి నేరుగా, ఆపుకోకుండా నరుకుతారు. రెండోవారు ఒక్క అడుగు వెనక్కి జరుగుతారు. కత్తి గాలిని కోసుకుంటూ కిందికి పోతుంది. ఆ లోపే రెండోవారు ముందుకొచ్చి మొదటివారి నడినెత్తి మీదికి దెబ్బ దించి, తాకకుండా ఆపుతారు. అక్కడితో అయిపోదు. కత్తి మొనను ఎదుటివారి ముఖం మధ్యకు గురిపెట్టి, ఒక అడుగు వేసి, మళ్లీ కత్తి పైకెత్తి నిలబడతారు. దెబ్బ తర్వాత కూడా ఏమరుపాటు లేదని అలా చూపించాలి.

ఇందులో ఓడిపోయేవారు ఎవరనుకుంటున్నారు? గురువు. పదికి పది కతల్లోనూ పెద్దవారు తీసుకునేది ఉచిదచి అనే పాత్ర, అంటే ముందుగా దాడి చేసి చివరికి ఓడే పాత్ర. శిష్యుడికి గెలిచే పాత్ర ఇస్తారు. గురువు దాడి నిజంగా ఉండాలి, లేకపోతే శిష్యుడికి సమయం తెలియదు. శిష్యుడి దెబ్బ కూడా నిజంగా ఉండాలి, కానీ ఒక సున్ దూరంలో, అంటే సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోవాలి. కవచం లేని గురువు తల మీద ఓక్ కొయ్యను పూర్తి వేగంతో దించి, 3 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టాలంటే శిష్యుడికి ఎంత అదుపు కావాలి! శిష్యుడి చేతిని నమ్మి గురువు కదలకుండా నిలబడాలంటే ఎంత ధైర్యం కావాలి! కొయ్యకత్తి నేర్పే విద్య అంతా ఈ మూడు సెంటీమీటర్లలో ఉంది. ప్రపంచంలోని ఆయుధ విద్యల్లో ఇంత ఉదారమైన బోధనా పద్ధతి అరుదు.

కొత్తవాళ్లకు ఈ పది కతలు బరువని గ్రహించి, అఖిల జపాన్ కెండో సమాఖ్య 2003లో కొయ్యకత్తితో చేసే తొమ్మిది ప్రాథమిక పాఠాలు రూపొందించింది. తల, మణికట్టు, నడుము, గొంతు మీద ఒక్కొక్క దెబ్బతో మొదలై, వరస దెబ్బలు, ఎదుటి కత్తిని పక్కకు తోసి కొట్టడం, తప్పుకుని కొట్టడం, చివరికి ఎదుటి కత్తిని కిందికి పడగొట్టి కొట్టడం దాకా సాగుతాయి. ఇవి బృందంగా చేయవచ్చు, చిన్నపిల్లలూ చేయవచ్చు. కెండోలో ఇటీవల జరిగిన మంచి మార్పుల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి. షినాయ్ పట్టిన పిల్లవాడికి, అది కత్తి సుమా అని మొదట్లోనే గుర్తుచేసే ఏర్పాటు ఇది.

ఇక చేతికి కత్తి వచ్చింది, పట్టుకోవడం ఎలా? సాధారణ కొయ్యకత్తి పొడవు సుమారు 101.5 సెంటీమీటర్లు. అందులో పిడి 24 సెంటీమీటర్ల దాకా. బరువు అర కిలోకు కొంచెం అటూ ఇటూ. నిజమైన ఉక్కు కత్తి కిలోకు దగ్గరగా గానీ, మించిగానీ ఉంటుంది. అంటే కొయ్యకత్తి దానిలో దాదాపు సగం బరువు. ఎడమచెయ్యి పిడి చివర, కుడిచెయ్యి పైన, రెంటి మధ్య కొంత ఖాళీ. బలమంతా చిటికెనవేలు, ఉంగరపువేలు దగ్గర. బొటనవేలు, చూపుడువేలు వదులుగా. దెబ్బ ముగిసే క్షణంలో రెండు చేతులూ తడిగుడ్డ పిండినట్టు లోపలికి తిరుగుతాయి. ఆ పిండడమే కత్తిని ఆపుతుంది. కొత్తవాళ్లు దాదాపు అందరూ కుడిచేతి బలంతో ఊపి భుజాలు నొప్పులు తెచ్చుకుంటారు. కత్తిని నడిపేది ఎడమచెయ్యి అన్న సంగతి ఒంటికి పట్టడానికి నెలలు పడుతుంది.

గాలిలో ఒంటరిగా ఊపే సాధనను సుబురి అంటారు. బయటివాళ్లకు విసుగు పుట్టించే పని ఇది. కానీ అడుగు, నడుము, ఊపిరి, చెయ్యి ఒకేసారి కలవడం ఇందులోనే నేర్చుకుంటారు. మన ఊళ్లలో కర్రసాము నేర్పే పెద్దలు కూడా ముందు అడుగులు దిద్దించాకే కర్రలు తగలనిస్తారు. కర్రసాము చూసినవారికి సుబురి విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయికిడోలో పరిస్థితి వేరు. అది ప్రధానంగా వట్టిచేతుల విద్య. దాన్ని స్థాపించిన ఉఎషిబ మొరిహెయి 1942లో తోక్యో వదిలి ఇబరాకి రాష్ట్రంలోని ఇవామ అనే పల్లెకు వెళ్లారు. పొలం పనీ సాధనా కలిపి బతికారు. 1946లో ఆయన దగ్గర చేరిన కుర్రవాడు సైతో మొరిహిరో, గురువు విడివిడిగా చూపిన కత్తి కదలికలను ఒక క్రమంలో పెట్టారు. ఒంటరిగా చేసే ఏడు సుబురిలు, జతగా చేసే అభ్యాసాలు ఆ క్రమంలోవే. చేతులు పట్టుకుని విసిరే అయికిడో పట్లలో చాలా వాటికి మూలం కత్తి ఎత్తి దించే కదలికలోనే ఉందని కొయ్యకత్తి పట్టాక తెలుస్తుంది. మరి ప్రాచీన సంప్రదాయాలకు ఎవరి కత్తి వారిదే. కతోరి షింతో ర్యూ వాళ్లది కాస్త పొట్టిగా, వంపు తక్కువగా ఉంటుంది. 1860ల నాటి షింసెంగుమి దళనాయకుడు కొందో ఇసామి నేర్పిన తెన్నెన్ రిషిన్ ర్యూలో పిడి చేతిలో ఇమడనంత లావు, దుంగ పట్టుకున్నట్టే ఉంటుంది. ఒక సంప్రదాయం కత్తి మరో చోటికి పట్టుకెళితే ఎవరికీ ఉపయోగం లేదు.

కొనడం దగ్గరికి వద్దాం. కత్తిని కంటికి ఎదురుగా, తుపాకీ గురిచూసినట్టు పట్టుకుని వెన్నువెంట చూడాలి. పక్కకు మెలిక ఉంటే వదిలేయాలి. కొయ్య పోగు పిడి నుంచి మొన దాకా తెగకుండా నడవాలి. మధ్యలో పక్కకు జారి బయటికి పోతే, గట్టి దెబ్బకు అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క ఎవరి కంటి వైపు ఎగురుతుందో చెప్పలేం. ముడులున్న కొయ్య వద్దు. మందంగా మెరిసే వార్నిష్ పూసినది అనుమానించదగ్గది, కింద ఏ కలప ఉందో కనపడదు, చెమట చేతికి జారుతుంది కూడా. వెన్ను పక్కన పొడవునా గాడి తీసిన కత్తులు కొన్ని దొరుకుతాయి. సరిగ్గా ఊపితే ఈల వేసినట్టు చప్పుడొస్తుంది, పదును సూటిగా పడిందని చెవికి తెలుస్తుంది. ఒంటరి సాధనకు అవి మంచివే. కానీ గాడి వల్ల కొయ్య బలహీనపడుతుంది కనుక జత సాధనకు పనికిరావు. సుబురితో అనే లావుపాటి బరువు కత్తిని మొదటి ఏడాదిలో కొనడం తెలివితక్కువ పని. పట్టు కుదరకముందే బరువు ఊపితే మోచేతులు దెబ్బతింటాయి.

తెచ్చుకున్నాక దాన్ని ఎండలోనో, కారు డిక్కీలోనో వదిలేయకూడదు. గోడకు చేరవేసి నెలలు ఉంచితే వంగుతుంది. పడుకోబెట్టి ఉంచాలి. అప్పుడప్పుడు అవిసెనూనె లాంటిది పలచగా రుద్ది తుడిస్తే కొయ్య ఎండిపోదు. సాధనకు ముందు అరచేతితో నిమిరి చూడాలి. చిన్న పేళ్లు లేస్తే శాండ్‌పేపర్‌తో నునుపు చేయాలి. బీట కనిపిస్తే ఆ కత్తి జత సాధన నుంచి ఆ రోజే తప్పుకోవాలి. శిక్షణశాలలో నేల మీదున్న కత్తిని దాటి నడవరు, మొదలుపెట్టేముందూ ముగించాకా దానికి వంగి నమస్కరిస్తారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ మర్యాద కొత్తగా తోచదు. ప్రయాణాల్లో సంచిలో పెట్టి తీసుకెళ్లాలి. విమానంలో వెంట ఉంచుకోనివ్వరు, లగేజీలో వేయాలి.

ఇటీవల జపాన్ ఆనిమె సీరియళ్లు మన కుర్రవాళ్లకు బాగా దగ్గరయ్యాయి. గింతమ అనే సీరియల్‌లో నాయకుడు గింతోకి నడుముకు వేలాడే కొయ్యకత్తి మీద తోయ సరస్సు పేరు చెక్కి ఉంటుంది. ఆ సరస్సు ఉత్తరాన హొక్కైదో దీవిలో ఉంది. అభిమానులు అక్కడి దుకాణాలకు వెళ్లి అలాంటి కత్తి కొనుక్కుంటారు. విహారయాత్రకు వెళ్లే జపాన్ బడిపిల్లలు కొయ్యకత్తి కొని తెచ్చుకోవడం అంతకు చాలాముందు నుంచే ఉన్న అలవాటు. అలాంటి జ్ఞాపిక కత్తి గోడకు తగిలించడానికి బాగుంటుంది. సాధనకు వాడవద్దు, ముఖ్యంగా మరొక మనిషి ఎదుట ఊపవద్దు. వాటిలో చాలావాటికి కలప రకమూ పోగు వరసా ఎవరూ చూడరు.

అందుకే పిల్లలకు కొయ్యకత్తి కొనిపెట్టాలనుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. ముందు శిక్షణశాలకు వెళ్లి, అక్కడ ఏ పొడవు, ఏ వంపు, ఏ కలప వాడుతున్నారో గురువును అడగండి. చాలాచోట్ల మొదటి కొన్ని నెలలు శిక్షణశాల కత్తే ఇస్తారు, కొనక్కర్లేదు. కొనే రోజు వస్తే అలంకారాలు లేని, తిన్నని పోగున్న సాదా తెల్ల ఓక్ కత్తి చాలు. ఇంట్లో నేర్పేవారు లేనప్పుడు ఇద్దరు పిల్లల చేతికి రెండు కత్తులు ఇవ్వకండి.